తల్వార్‌ను దఫన్ చేసిన సినిమా

జాటోయిచి పేరెత్తితే చాలు, అందరూ తల్వార్ గురించే మాట్లాడతారు. నాబీనా మనిషి, చేతికర్రలో దాచిన కత్తి, రెప్పపాటులో నేలకూలే దుష్మన్లు. ఫోన్లలో తిరిగే వీడియో ముక్కలూ అవే. ఇది ఆ సినిమాకు జరుగుతున్న నాఇన్సాఫీ అంటాను. 1962లో కెంజి మిసుమి తీసిన మొదటి జాటోయిచి తల్వార్‌కు సలాం కొట్టే సినిమా కాదు. తల్వార్ మీద మాతం.

ఇచి సమురాయ్ కూడా కాదు. మాలిష్ చేసి పొట్టపోసుకునే గుడ్డివాడు, జూదరి. ‘జాటో’ అతని ఇంటిపేరు కాదు, ఆనాటి జపాన్‌లో అంధుల సంఘంలో అట్టడుగు దర్జా. లోకం చులకనగా చూస్తుంటే తట్టుకోలేక కత్తి నేర్చినవాడు. మొదట్లోనే జూదం సీను చూడండి. పాచికలు గిన్నె బయట పడి కనిపిస్తుంటాయి. గుడ్డోడికేం తెలుస్తుందిలే అని అందరూ గప్‌చుప్‌గా పందెం కాస్తారు. ఒక్కడి నోరూ పెగలదు. అసలు పాచికలు గిన్నెలోనే ఉన్నాయని తీసి చూపించి ఇచి మొత్తం ఊడ్చేస్తాడు. నాబీనా మనిషిని చూసి మొహం చిట్లించడం ఎంత పెద్ద తప్పో ఖురాన్‌లో ‘అబస’ సూరా చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ సీను నాకు అందుకే అంత దగ్గరగా అనిపిస్తుంది.

కథలో రెండు రౌడీ ముఠాలు. ఒక ముఠా ఇచిని పోషిస్తుంది, రెండోది క్షయతో దగ్గుతున్న హిరాతే అనే సమురాయ్‌ని. ఇద్దరూ చెరువు దగ్గర చేపలు పడుతూ దోస్తులవుతారు. వాళ్ల మధ్య దుష్మనీ ఇంతైనా లేదు. అయినా పోరాడాల్సి వస్తుంది. తన ముఠావాళ్లు ఇచిని తుపాకీతో కాల్చాలనుకుంటున్నారని తెలిసి హిరాతే మంచం మీంచి లేస్తాడు. తుపాకీ వద్దు, నేనే తలపడతా అంటాడు. ఎవడో అనామకుడి చేతిలో పోవడం కన్నా హునర్ తెలిసిన దోస్తు చేతిలో పోవడం మేలని అతని లెక్క. వంతెన మీద ఇచి వీపు మీదే వాలిపోతాడు.

అటు ముఠా నాయకుడు సారా పీపాలు తెరిచి జష్న్ చేసుకుంటుంటాడు. చచ్చినవాళ్లంతా పేదలు, జూదరులు, కిరాయివాళ్లు. ఇచి అతని మీద మండిపడతాడు. తన తల్వార్‌ను హిరాతేతో పాటే పాతిపెట్టమని ఇచ్చి, కొండదారి పట్టి వెళ్లిపోతాడు.

బాజారుకు మాత్రం ఆ ఖబర్ నచ్చలేదు. అదే ఏడాది రెండో సినిమా వచ్చింది. 1973 దాకా మొత్తం 25, మళ్లీ 1989లో ఇంకోటి. అన్నిటిలోనూ షింతారో కట్సు చేతిలో మళ్లీ అదే కత్తికర్ర. వాటిలో మంచివి లేవనను. నరికినవాళ్ల లెక్క పెరిగేకొద్దీ ఒక్క హిరాతే కోసం పడిన ఆ గమ్ పలచబడిందంటాను.

మన హీరోలు వందమందిని నరికి స్లో మోషన్‌లో నడిచొస్తుంటే ఈలలేసే అలవాటు మనకూ ఉంది. పడినవాడికీ ఒక పేరు, ఒక బీమారీ, ఒక దోస్తు ఉంటాయని ఎన్ని సినిమాలు గుర్తుచేశాయి? సిరీస్ మొత్తం చూసే తీరిక లేకపోతే పోనీ, మొదటిదొక్కటీ చూడండి. ఆ వంతెన సీను దగ్గర ఈల వేయాలనిపిస్తే, ఆగి ఇంకోసారి చూడండి.