నలుపు మనది కాదా?

పూరీ గేట్ దగ్గర ఒక చిన్న హాలులో ఈమధ్య జరిగిన దుస్తుల ప్రదర్శన గురించి మన విద్యాలయంలో కొన్నాళ్ళు గట్టి చర్చే నడిచింది. వాటిని తయారుచేసింది ఈ ఊళ్ళో పెరిగిన తెలుగు రైల్వే కుటుంబపు అమ్మాయే. మొదటినుంచి చివరిదాకా అంతా నలుపు. మసక వెలుతురు, పాటల బదులు పట్టాల మీద చక్రాల మోత, ఒక చెయ్యే ఉన్న చొక్కాలు, అంచులు మడిచి కుట్టకుండా వదిలేసిన లంగాలు. నా వెనక కూర్చున్న పెద్దావిడ "ఇదేం అశుభమమ్మా!" అని గొణుక్కున్నారు. మర్నాడు స్టాఫ్‌రూములోనూ ఒకటే మాట: ఇది మన సంస్కృతి కాదు.

నేను ఒప్పుకోను.

నలుపు అశుభమైతే మన ఆడవాళ్ళ మెడలో నల్లపూసలు ఎందుకున్నాయి? పసిబిడ్డ బుగ్గ మీది దిష్టిచుక్క ఏ రంగు? అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు నల్లబట్టలు కట్టే మామయ్యలో బాబాయిలో మీ ఇళ్ళల్లో ఉండే ఉంటారు. మహారాష్ట్రలో చదివి వచ్చిన పిల్లల్ని అడగండి, అక్కడ సంక్రాంతికి ఏరికోరి నల్లచీర కడతారు. అంతెందుకు, మన ఖరగ్‌పూర్ స్టేషన్లో టీటీఈ గారి నల్లకోటును అశుభమనేది టికెట్ లేనివాళ్ళే.

శ్రీకాళహస్తి కలంకారీలో గీతలు గీసే నలుపు ఎలా వస్తుందో తెలుసా? తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. గుడ్డను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనుపనీరు ఆ గుడ్డకు తగలగానే కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. దేవుళ్ళ బొమ్మలకు రూపురేఖలిచ్చేది ఆ తుప్పు నలుపే.

ఇలాంటి ప్రదర్శనలను 'అవాంగార్డ్' అంటారు. ఫ్రెంచి మాట, సైన్యంలో అందరికన్నా ముందు నడిచే దళం అని అర్థం. ముందు నడిచేవాళ్ళకే దెబ్బలు తగులుతాయి కదా! 1981లో జపాన్‌కు చెందిన రెయ్ కవాకుబో, యోజీ యమమోటో పారిస్‌లో నల్లని, వదులైన దుస్తులు చూపిస్తే విమర్శకులు కొందరు హిరోషిమా పేరుతో వెక్కిరించారు. మరుసటి ఏడు కవాకుబో చిల్లులు పడ్డ స్వెటర్ తెచ్చింది. అల్లిక యంత్రం మరలు వదులుచేసి కావాలని రప్పించిన చిల్లులవి. ఆమె బట్టల డిజైను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. 2017లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆమె ఒక్కరి పనితో పెద్ద ప్రదర్శన పెట్టింది.

మన అమ్మాయి చూపినవన్నీ బాగున్నాయని అనను. రెండు మూడు వేసుకుంటే కూర్చోవడమే కుదరదు. చక్రాల మోత కూడా చెవులు పగిలేలా పెట్టారు. కానీ ఒక కోటు మాత్రం మనసులో ఉండిపోయింది. పాత హోల్డాల్ కాన్వాసుకు నల్లరంగు వేసి కుట్టింది. పరుపు చుట్టే తోలు పట్టీలే దానికి బొత్తాలు.

ఏటా ప్రాంతీయ వేషధారణ పోటీ రాగానే మీలో ఎవరో ఒకరు అడుగుతారు: "నేను పుట్టింది గుంతకల్లులో, చదివింది నాగపూర్, బిలాస్‌పూర్‌లలో. ఏ రాష్ట్రం బట్టలు వేసుకోవాలి మేడమ్?" ఇన్ని బదిలీలు చూసిన నాకే దానికి సరైన జవాబు దొరకలేదు. ఆ కోటు ఏ రాష్ట్రానిదీ కాదు. చూడగానే మనదనిపించింది.

పక్కనే ఐఐటీ ఉండటంతో మన తల్లిదండ్రులకు వేరే చదువు కనబడదు. బట్టలు కుట్టడమూ చదువే. 1986లో ఢిల్లీలో మొదలైన నిఫ్ట్‌కు ఇప్పుడు కోల్‌కతాలోనూ హైదరాబాదులోనూ కేంద్రాలున్నాయి, దానికీ ప్రవేశపరీక్ష ఉంది. ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి తెలుగు నోటుబుక్కు చివరి పేజీల నిండా గౌన్ల బొమ్మలు వేస్తుంది. ఆ పేజీలు చింపేయమని ఇంట్లో అన్నారట. వాటిలో రెండు వచ్చే సంచికకు ఇమ్మని అడిగాను.