బిడ్డ చేతిలో ఫోను సరే, పక్కన ఎవరున్నారు?

నిజామాబాద్‌లోని మాలపల్లిలోగానీ, బోధన్‌లోని రాకాసిపేటలోగానీ సాయంత్రం వేళ ఏ ఇంటికి వెళ్లినా ఒక దృశ్యం కనిపిస్తుంది. తల్లి చాట ముందు కూర్చుని బీడీలు చుడుతూ ఉంటుంది. తండ్రి గల్ఫ్‌లోనో, లారీ మీదనో ఉంటాడు. మూడో తరగతి చదివే బిడ్డ ఓ మూల ఫోనులో మునిగి ఉంటాడు. "వాడు చూసేదేమిటమ్మా?" అని అడిగితే, "మాకేం తెలుస్తుంది భాయ్‌సాబ్, కంప్యూటర్ చదువు మా తలకెక్కేది కాదు" అన్న జవాబే వస్తుంది.

ఈ జవాబులో వినయం ఉంది, కాని దానివల్ల నష్టపోయేది బిడ్డ. ఇంట్లో వస్తువు లేకపోవడం ఒక లోటు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పట్టణాల్లో 23.4 శాతం, గ్రామాల్లో 4.4 శాతం మాత్రమే. కాని "మనవల్ల కాదు" అని పెద్దలు ముందే తప్పుకోవడం అంతకంటె పెద్ద లోటు. 2020 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలో 3 నుంచి 10 తరగతులకు టీవీ, ఫోను పాఠాలు మొదలైనప్పుడు మనం ఏం చూశాం? ఉన్న ఒక్క ఫోను అన్న చేతికి వెళ్లింది, చెల్లెలు పక్కకు జరిగింది. ఆ అలవాటు చాలా ఇళ్లలో నేటికీ పోలేదు.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ని. టైపు మిషను తీసి కంప్యూటర్ పెట్టిన రోజున మాలో సగంమందిమి దాన్ని ముట్టుకోవడానికి జంకాం. నాకంటె ఇరవై ఏళ్లు చిన్నవాడైన సహోద్యోగి పక్కన కూర్చుని, "తప్పు నొక్కితే ఏమీ కాదు సార్, మళ్లీ నొక్కండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా భయం పోయింది. మన పిల్లలకు ఇంట్లో కావలసిందీ అటువంటి మనిషే. ఆ మనిషికి కంప్యూటర్ విద్య రావాలన్న నియమం లేదు.

ఎందుకంటే చిన్న తరగతుల్లో ఈ విద్యకు పునాది యంత్రం కాదు, క్రమంగా ఆలోచించడం. ఒక పనిని చిన్న మెట్లుగా విడదీసి, వరుస తప్పకుండా చెప్పడాన్ని 'అల్గారిథం' అంటారు. ఈ మాట తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో గణితం రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టింది. అది మన తల్లుల చేతిలో రోజూ ఉన్నదే. ఆకు కత్తిరించు, పొగాకు నింపు, చుట్టు, దారం కట్టు. ఆకు చిరిగితే పక్కన పెట్టి మరొకటి తీసుకో. కట్ట నిండేదాకా ఇదే పని మళ్లీ చెయ్యి. క్రమం, షరతు, పునరావృతి: ప్రోగ్రాం రాసేవారు వాడే మూడు సాధనాలూ ఇందులో ఉన్నాయి. పిల్లలను చాట ముందు కూర్చోబెట్టమని దీని అర్థం కాదు. వారిని ఆ చాట నుంచి దూరం చేసే చదువుకు తల్లి అనుభవమే తొలి పాఠం కాగలదని చెప్పడమే మా ఉద్దేశం.

పాత పెళ్లి పత్రికల వెనుకవైపు 1, 2, 4, 8, 16 చుక్కలు పెట్టి ఐదు కార్డులు చేయండి. కొన్ని తెరిచి, కొన్ని బోర్లించి 0 నుంచి 31 దాకా ఏ అంకెనైనా చూపమనండి. 4, 1 తెరిస్తే 5. కంప్యూటర్ లెక్కించే పద్ధతి ఇదే. ఫోను ఉంటే అరగంట చాలు, అదీ అందరూ కూర్చునే చోట. బిడ్డ తన పేరును తెలుగులో, ఉర్దూలో టైపు చేయనివ్వండి. దూరాన ఉన్న అబ్బాకు నాలుగు వాక్యాలు రాయనివ్వండి. "ఏం చేశావు? ఎందుకు తప్పింది? మార్చి చూస్తే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు మీకు తెలియకపోయినా నష్టం లేదు. కూతురికీ కొడుకుకూ సమానంగా సమయం ఇవ్వండి.

అయితే ఇంటి ప్రయత్నాన్ని చూపి ప్రభుత్వం తన బాధ్యతను దులుపుకోరాదు. 2016లో ప్రారంభమైన మైనారిటీ గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతి నుంచి. అంతకుముందు నాలుగేళ్లు మన బిడ్డలు చదివేది వీధి బడిలోనే. ఆ బడిలో పనిచేసే కంప్యూటర్, నేర్పే ఉపాధ్యాయుడు, ఉర్దూ మాధ్యమం పిల్లలకు ఉర్దూలో పాఠం ఉండాలి. ఇది దయ కాదు, హక్కు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం స్త్రీలు ఉండాలి. ఆ కుర్చీలను మనం ఖాళీగా వదిలి, తరువాత ఫిర్యాదు చేస్తే ప్రయోజనమేమిటి?

శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినప్పుడు, ఒకే పనిని నమ్ముకున్న కుటుంబాలు ఎలా కుంగిపోయాయో బోధన్ చూసింది. ఆ ఇళ్ల మనవళ్లు, మనవరాళ్లు ఇప్పుడు ఒకటో తరగతిలో, రెండో తరగతిలో ఉన్నారు. ఈ నెల కమిటీ సమావేశానికి వెళ్లండి. "మా బడిలో కంప్యూటర్లు ఎన్ని పనిచేస్తున్నాయి? మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు వారానికి ఎన్ని గంటలు దక్కుతున్నాయి?" అని అడిగి, జవాబును రిజిస్టరులో రాయించండి. ఇంటికి వచ్చాక బిడ్డ పక్కన కూర్చోండి.