తండ్రి ఇంటికి ధర కట్టేముందు

బాన్సువాడలో అబ్బాజాన్ వదిలివెళ్ళిన ఆస్తి ఆ ఇల్లు ఒక్కటే. టేకు దూలాలు, పెంకుల కప్పు, వెనక చేదబావి. వారసులం అమ్మీతో కలిపి అయిదుగురం. ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అయిదు ముక్కలు చేస్తే ఎవరికీ నిలువ నీడ మిగలదు. అందుకే చాలా కుటుంబాలు చేసే పనే మేమూ చేయబోయాం. ఇంట్లోనే వేలం పాడుకోవాలి, ఎక్కువ పాడినవారు ఇల్లు ఉంచుకుని మిగతావారికి వాటాల డబ్బు ఇవ్వాలి.

ధర కట్టే దగ్గరే మేము తప్పటడుగు వేశాం. అన్నదమ్ములం ముందే మాట్లాడుకుని, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్న విలువనే పాట మొదలుపెట్టే ధరగా రాసుకున్నాం. ఒకరు పాడితే రెండవవారు ఊరుకోవాలనీ అనుకున్నాం. అక్కచెల్లెళ్ళ దగ్గర పాడటానికి డబ్బు లేదని మాకు తెలుసు. అప్పుడు చెల్లెలు ఒక్క మాట అడిగింది. "భాయిజాన్, ఇదే ధరకు బయటివాళ్ళు వస్తే ఇల్లు ఇచ్చేస్తారా?"

మా దగ్గర జవాబు లేదు.

తల్లిదండ్రులు వదిలిన ఆస్తిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, పురుషులతోపాటు స్త్రీలకూ వాటా ఉందని దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరా 7వ ఆయత్ చెబుతోంది. ఆ వాటాను మేము కాదనలేదు. కాదనకుండానే తగ్గించబోయాం. లెక్క చూడండి. మాలాంటి కుటుంబంలో ఆస్తిని 48 భాగాలు చేస్తే తల్లికి 6, ఒక్కో కొడుక్కు 14, ఒక్కో కూతురికి 7 వస్తాయి. ఇల్లు నిజంగా 36 లక్షలు చేస్తుందనుకుందాం. కూతురికి రావలసింది 5 లక్షల 25 వేలు. ధర 24 లక్షలని రాస్తే ఆమె చేతికి వచ్చేది మూడున్నర లక్షలే. షరీఅత్ లెక్క తప్పలేదు, కానీ లక్షా 75 వేలు పోయింది. తల్లికీ లక్షన్నర తగ్గింది.

దీనికి మనం చెప్పుకునే సాకులు రెండు. పెళ్ళిలో ఇచ్చాం కదా అనేది మొదటిది. తండ్రి బతికుండగా పెళ్ళికి పెట్టిన ఖర్చు వారసత్వపు వాటాకు బదులు కాదు. అమ్మీని మేమే చూసుకుంటున్నాం కదా అనేది రెండవది. తల్లి సేవ కొడుకుల బాధ్యత. దాని ఖరీదు అక్కచెల్లెళ్ళ వాటాలోంచి మినహాయించుకోరాదు. వాటాలకంటే ముందు అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ తీరాలి. తల్లికి చెల్లించని మహర్ ఉంటే అదీ అప్పే. ఎంతమందిమి ఆ లెక్క తీస్తున్నాం?

వేలం తప్పు కాదు. సహాయం కోరి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లో ఉన్న వస్త్రాన్ని, నీళ్ళ గిన్నెను దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేసిన సంగతి హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఒకరు ఒక దిర్హమ్ అంటే, ఇంకా ఎక్కువ ఇచ్చేవారెవరని ఆయన మళ్ళీ అడిగారు. రెండు దిర్హమ్‌లకు అవి అమ్ముడయ్యాయి. పేదవాడి వస్తువుకు తగిన ధర రావాలనే కదా ఆ అడగటం! కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచే దొంగపాటను కూడా ఆయన నిషేధించారు. ధర పెరగకుండా లోపాయికారీగా కూడబలుక్కోవటం మాత్రం న్యాయమవుతుందా?

దేశ చట్టం కూడా ఈ జాగ్రత్త తీసుకుంది. 1893 నాటి విభజన చట్టం ప్రకారం, పంచటానికి వీలులేని ఆస్తిని సగానికి తక్కువ కాని వాటాదారులు కోరితే కోర్టు అమ్మించవచ్చు. మిగిలిన వాటాదారు తానే కొంటానంటే ముందు విలువ కట్టించాలి. కొంటామనేవారు ఇద్దరు ముగ్గురుంటే, ఆ విలువకు పైన ఎక్కువ ఇచ్చేవారికే దక్కుతుంది. అంటే ముందు నిజమైన ధర, తర్వాతే పాట. కోర్టు మెట్లెక్కకుండా ఇంట్లోనే మనం ఈ పద్ధతి పాటించవచ్చు.

ధర కట్టడం బ్రహ్మవిద్య కాదు. రిజిస్ట్రేషన్ విలువ స్టాంపు సుంకం కోసం పెట్టింది, బజారు ధర కాదు. స్థలాన్ని, కట్టడాన్ని వేరువేరుగా లెక్కించాలి. అదే వీధిలో ఈమధ్య అమ్ముడైన స్థలాలు గజం ఎంతకు పోయాయో, రోడ్డు వెడల్పు ఎంతో చూడాలి. కట్టడానికి ఈరోజు అయ్యే ఖర్చులోంచి పాతబడినందుకు తగ్గించాలి. పాత ఇంట్లో టేకు కలపను మరచిపోరాదు. ముగ్గురు తెలిసినవారిచేత విడివిడిగా రాయించి, అక్కచెల్లెళ్ళ ముందే ఆ చీటీలు విప్పాలి. గల్ఫ్‌లో ఉన్న వారసుడికి ఫోనులో వినిపించాలి. వాటా డబ్బు చేతికి అందాకే హక్కు విడుదల పత్రంపై సంతకం అడగాలి.

చివరికి మేమూ అలాగే చేశాం. కొత్త ధర చూసి అన్నదమ్ములం ముఖాలు చూసుకున్నమాట నిజం. ఇల్లు పెద్దవారికి దక్కింది, దానికోసం ఆయన అప్పు చేయవలసి వచ్చింది. అయినా ఈద్ రోజున అక్కచెల్లెళ్ళు ఆ గడప తొక్కి లోపలికి వస్తున్నారు. తక్కువ ధర రాసి ఉంటే ఇల్లు మాకు మిగిలేదేమో, వాళ్ళ రాక మిగిలేది కాదు.

మీ ఇంట్లో పాట పెట్టేముందు మా చెల్లెలి ప్రశ్న మీరే వేసుకోండి. ఇదే ధరకు బయటివారికి ఇస్తారా? ఇవ్వలేమనిపిస్తే ఆ ధర న్యాయమైనది కాదు. రేపు ప్రళయదినాన అల్లాహ్ ముందు ఆ లెక్కే మళ్ళీ చెప్పవలసి ఉంటుంది.