లండన్ ఆఫర్, ఖరగ్‌పూర్ ర్యాంకు: ఐబీ డిప్లొమాకు ఏ ద్వారం వద్ద ఎంత విలువ?

ఖరగ్‌పూర్: దేశంలో తొలి ఐఐటీ వెలసిన ఊరు ఇది. 1951 ఆగస్టు 18న ఆ సంస్థ లాంఛనంగా ప్రారంభమైంది. స్వాతంత్ర్య సమరయోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరమే దాని తొలి భవనం. నాటి నుంచి నేటి వరకు తెలుగు తల్లిదండ్రుల కలల్లో ఖరగ్‌పూర్ పేరు చెక్కుచెదరలేదు. అయితే ఈ కలను చేరుకునే దారుల్లో కొత్తది ఒకటి కొన్నేళ్లుగా కనిపిస్తోంది. హైదరాబాద్, బెంగళూరు, ముంబయి నగరాల్లో స్తోమత గల కుటుంబాలు పిల్లలను ఇంటర్మీడియట్‌కో, సీబీఎస్‌ఈకో బదులు జెనీవా కేంద్రంగా 1968లో పుట్టిన ఇంటర్నేషనల్ బాకలారియెట్ డిప్లొమాలో, అంటే ఐబీలో చేర్పిస్తున్నాయి. విదేశీ విశ్వవిద్యాలయాల తలుపులు తెరిచే తాళంచెవిగా దీనికి పేరుంది. అదే తాళంచెవి హిజ్లీ గేటు దగ్గర ఎంతవరకు పనిచేస్తుందన్నది తల్లిదండ్రులకు ఆలస్యంగా ఎదురయ్యే ప్రశ్న.

ఐబీ మార్కుల పద్ధతి మనకు అలవాటైన శాతాల లెక్క కాదు. విద్యార్థి ఆరు సబ్జెక్టులు చదవాలి. వాటిలో కనీసం మూడింటిని ఉన్నత స్థాయిలో, మిగిలినవి సాధారణ స్థాయిలో ఎంచుకోవాలి. ఒక్కో సబ్జెక్టుకు 1 నుంచి 7 వరకు గ్రేడు. ఆరు ఏడులు 42. జ్ఞాన సిద్ధాంతం అనే పాఠ్యాంశానికి, నాలుగు వేల పదాలలోపు రాయాల్సిన పరిశోధనా వ్యాసానికి కలిపి గరిష్ఠంగా మరో 3. మొత్తం 45. డిప్లొమా చేతికి రావాలంటే కనీసం 24 పాయింట్లతో పాటు మరికొన్ని షరతులు నెరవేరాలి. ప్రపంచ సగటు 30 పాయింట్ల చుట్టూ తిరుగుతుంది. 40 దాటినవారిని అసాధారణ విద్యార్థులుగా పరిగణిస్తారు.

బ్రిటన్‌లో ఈ పాయింట్ల చుట్టూనే ప్రవేశ వ్యవస్థ నడుస్తుంది. యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ ద్వారా విద్యార్థి అయిదు కోర్సుల వరకు ఎంచుకోవచ్చు. అప్పటికింకా తుది పరీక్షలు జరగవు గనుక ఉపాధ్యాయులు వేసిన అంచనా గ్రేడులను పాఠశాల పంపుతుంది. వాటిని చూసి విశ్వవిద్యాలయం షరతులతో కూడిన ఆఫర్ ఇస్తుంది. 38 పాయింట్లు, ఉన్నత స్థాయి సబ్జెక్టుల్లో మూడు ఆరులు తెస్తే సీటు నీదే అన్న తరహా మాట అది. ఆక్స్‌ఫర్డ్ సాధారణంగా 38 నుంచి 40 వరకు, కేంబ్రిడ్జి 40 నుంచి 42 వరకు అడుగుతాయి. చేతికొచ్చిన ఆఫర్లలో ఒకదాన్ని ప్రధానంగా, మరొకదాన్ని ఆపద్ధర్మంగా విద్యార్థి నిలుపుకొంటాడు. మే పరీక్షల ఫలితాలు జులై మొదటి వారంలో వస్తాయి. షరతు నెరవేరితే సీటు ఖాయం. ఒక్క పాయింటు తగ్గితే నిర్ణయం విశ్వవిద్యాలయం దయాదాక్షిణ్యాలకు వదిలేయాల్సిందే.

ఈ ‘ఆఫర్’ అన్న మాటకు తెలుగులో సరైన మాట దొరకదు. పత్రికల్లో ‘ప్రవేశ ప్రతిపాదన’ అని రాస్తే పెళ్లి సంబంధమో, బడ్జెట్ పద్దో గుర్తుకొస్తుంది. ‘ఆఫర్’ అనే ఉంచేస్తే సంక్రాంతి తగ్గింపు ధరలు గుర్తుకొస్తాయి. మాట లేకపోవడానికి కారణం ఆ వ్యవహారమే మనకు లేకపోవడం. ఇక్కడ విద్యాసంస్థ విద్యార్థికి మాట ఇవ్వదు. పరీక్ష పెడుతుంది, వరుసలో నిలబెడుతుంది, సీటు ‘కేటాయిస్తుంది’. ఆ వరుస పేరు ర్యాంకు.

ఖరగ్‌పూర్ ఐఐటీలో బీటెక్ ప్రవేశానికి ఐబీ డిప్లొమా అర్హతగా చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. జేఈఈ గుర్తించే అర్హత పరీక్షల జాబితాలో జెనీవా ఐబీ డిప్లొమా పేరు స్పష్టంగా ఉంది. చిక్కు చెల్లుబాటులో లేదు, కొలతలో ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వచ్చినా, పన్నెండో తరగతిలో 75 శాతం మార్కులుగానీ, తమ బోర్డులో అగ్రభాగాన ఉన్న 20 పర్సంటైల్‌లో స్థానంగానీ ఉంటేనే ఐఐటీ సీటు దక్కుతుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం చాలు.

ఈ షరతును 7తో భాగించి చూస్తే ఏమవుతుందో గమనించండి. అయిదు గ్రేడు 71.4 శాతం. ఆరు గ్రేడు 85.7 శాతం. అన్ని సబ్జెక్టుల్లోనూ అయిదు తెచ్చుకున్న విద్యార్థి ప్రపంచ సగటుకు దీటుగా ఉన్నవాడే. కానీ ఇలా లెక్కగడితే 75 శాతం గీత కింద ఆగిపోతాడు. అందుకే నేరుగా భాగించే లెక్కకు, గ్రేడులను శాతాల శ్రేణులుగా మార్చే పట్టికకు తేడా ఉంటుంది. ఏ పట్టికను అనుసరిస్తారన్న దాన్ని బట్టి ఒక విద్యార్థి గీతకు ఇటో అటో తేలతాడు. ఇక బోర్డులో పై 20 పర్సంటైల్ అన్నది రాష్ట్ర బోర్డును దృష్టిలో పెట్టుకొని రూపొందించిన కొలత. ప్రపంచమంతటా విద్యార్థులున్న వ్యవస్థకు దాన్ని అన్వయించడం కుండను మూరతో కొలిచినట్టుంటుంది.

గీత దాటిన తర్వాత మరో విచిత్రం. 33 పాయింట్లు తెచ్చుకున్న విద్యార్థి, 44 పాయింట్లు తెచ్చుకున్న విద్యార్థి ఖరగ్‌పూర్ దృష్టిలో సమానులే. అక్కడ మాట్లాడేది జేఈఈ ర్యాంకు ఒక్కటే. లండన్‌లో ఈ ఇద్దరి మధ్య తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. నాలుగు వేల పదాల వ్యాసం, ప్రయోగశాల నివేదికలు, సేవా కార్యక్రమాల దస్త్రం, వీటి మీద రెండేళ్లు వెచ్చించిన విద్యార్థి అదే రెండేళ్లూ జేఈఈ నమూనా ప్రశ్నపత్రాలు సాధించిన విద్యార్థితో పోటీపడాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టగలిగేవారు లేకపోలేదు. వారు కొద్దిమందే.

క్యాలెండరు కూడా కలిసిరాదు. ఐబీ మే పరీక్షలు ఏప్రిల్ ఆఖరులో మొదలై మే మూడో వారం దాకా సాగుతాయి. 2025లో జేఈఈ అడ్వాన్స్‌డ్ మే 18న జరిగింది. అంటే ఐబీ చివరి పరీక్షల నడుమ ఆ ఆదివారం వచ్చింది. జూన్ మధ్యలో ఐఐటీ సీట్ల కేటాయింపు తొలి విడత ముగిసేనాటికి ఐబీ విద్యార్థి చేతిలో తుది మార్కులు ఉండవు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ పరిస్థితి మరోలా ఉంటుంది. అక్కడ ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఇతర బోర్డుల విద్యార్థులు తమ మార్కులు సమర్పిస్తేనే ర్యాంకు ఖరారవుతుంది. తెలంగాణ 2023లో ఆ వెయిటేజీని ఎత్తివేసింది. ఒకే తెలుగు కుటుంబంలో ఇద్దరు పిల్లలు ఒకే డిప్లొమాతో రెండు రాష్ట్రాల్లో దరఖాస్తు చేస్తే రెండు వేర్వేరు లెక్కల్లో పడతారన్నమాట.

సబ్జెక్టుల ఎంపికలోనే సగం భవిష్యత్తు తేలిపోతుంది. ఈ సంగతి పదకొండో తరగతి మొదట్లోనే తెలియాలి. ఐబీ నియమాల ప్రకారం మాతృభాషా సాహిత్యం, రెండో భాష, సామాజిక శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలు, గణితం, కళలు అనే ఆరు వర్గాలున్నాయి. కళలకు బదులు మరో విజ్ఞాన శాస్త్రం తీసుకునే వెసులుబాటు ఉంది. భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ ఉంటే తప్ప ఐఐటీ దారి లేదు గనుక ఇంజినీరింగ్ ఆశించేవారు ఆ వెసులుబాటును వాడుకోవాల్సిందే. గణితంలోనూ రెండు పాఠ్యప్రణాళికలు ఉన్నాయి. విశ్లేషణకు ప్రాధాన్యమిచ్చేది ఒకటి, అనువర్తనాలకు ప్రాధాన్యమిచ్చేది మరొకటి. బ్రిటన్‌లోని అగ్రశ్రేణి ఇంజినీరింగ్ విభాగాల్లో పలు చోట్ల మొదటిదాన్ని ఉన్నత స్థాయిలో చదివి ఉండాలని పట్టుబడతారు. రెండోది సులువని ఎంచుకొని తర్వాత చింతించి ప్రయోజనం లేదు.

అలాగని ఆఫర్ల పద్ధతిని ఆదర్శంగా చూపించడం సరికాదు. అది నడిచేది అంచనా గ్రేడుల మీద, అంటే ఉపాధ్యాయుడి నమ్మకం మీద. దరఖాస్తులను తీర్చిదిద్దే సలహాదారు ఉన్న బడికి, లేని బడికి మధ్య తేడా అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2020 వేసవిలో కొవిడ్ కారణంగా ఐబీ పరీక్షలు రద్దయ్యాయి. అంతర్గత మూల్యాంకనం, అంచనా గ్రేడులు, పాఠశాల గత చరిత్ర కలిపి ఒక గణన సూత్రంతో ఫలితాలు ఇచ్చారు. అంచనాల కన్నా బాగా తగ్గిన పాయింట్లు చూసి వివిధ దేశాల విద్యార్థులు నిరసన తెలిపారు. కొందరి ఆఫర్లు చేజారే పరిస్థితి వచ్చింది. ఆగస్టులో ఐబీ సంస్థ గ్రేడులను సవరించాల్సి వచ్చింది. ర్యాంకు నిర్దయగా ఉంటుంది గానీ, అది నీ బడి పాత ఫలితాలు అడగదు. ఈ ఒక్క విషయంలో ఐఐటీ ప్రవేశ పద్ధతి మేలని ఒప్పుకోవాలి.

ఈ చర్చ ధనవంతుల వ్యవహారం అనుకోవడానికి వీల్లేని ఘట్టం ఒకటి ఈమధ్యే జరిగింది. 2024 జనవరి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2025 జూన్ నుంచి ఒకటో తరగతిలో ఐబీ బోధన మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి పెంచుతూ, 2035 నాటికి పదో తరగతికి, 2037 నాటికి పన్నెండో తరగతికి చేరాలన్నది ప్రణాళిక. 2024 జూన్‌లోనే ప్రభుత్వం మారింది. పథకం తరగతి గది దాకా రాలేదు. రాజకీయ వాదోపవాదాలు ఖర్చు మీద, ఉపాధ్యాయుల శిక్షణ మీద నడిచాయి. బయటి ద్వారం గురించి మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. 2037లో ఒక ప్రభుత్వ పాఠశాల విద్యార్థి ఐబీ పట్టా పట్టుకొని ఏ సీటు కోసం నిలబడతాడు? విదేశీ ఆఫర్ వచ్చినా ఫీజు ఎవరు కడతారు? స్వదేశంలో అయితే అతని పాయింట్లకు 75 శాతం గీత దాటించడం మినహా విలువేమిటి? మళ్లీ ఎవరైనా ప్రభుత్వ బడుల్లో ఇలాంటి ప్రణాళిక తలపెడితే లెక్క ఒకటో తరగతి నుంచి కాక, పన్నెండో తరగతి చివరి నుంచి వెనక్కి వేయడం మంచిది.

మళ్లీ ఖరగ్‌పూర్‌కు వస్తే, ఇక్కడి తెలుగువారి కథ ఐఐటీ కన్నా పాతది. పంతొమ్మిదో శతాబ్ది ఆఖరులో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ జంక్షన్‌ను నిర్మించింది. తూర్పు తీరపు రైలు మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి కూలీలు, ఫిట్టర్లు, గుమస్తాలు వచ్చి స్థిరపడ్డారు. 1920వ దశకం చివర్లో ఇక్కడి రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి.గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. గిరి స్వయంగా 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లిన తెలుగు విద్యార్థి. ఐర్లండ్ ఉద్యమకారులతో సంబంధాల కారణంగా 1916లో ఆ దేశం విడిచి రావాల్సి వచ్చింది.

ఆ కార్మికుల వారసులు ఐబీ ఫీజులు కట్టగల స్థితిలో ఉన్నవారు అరుదు. వారి పిల్లలు పశ్చిమ బెంగాల్ బోర్డులోనో, కేంద్రీయ విద్యాలయంలోనో చదువుతారు. వీరికి తెలియాల్సిన విషయం ఒకటుంది. విదేశీ ఆఫర్‌కు ఐబీ తప్పనిసరి కాదు. బ్రిటన్ విశ్వవిద్యాలయాలు చాలావరకు సీబీఎస్‌ఈ, ఐఎస్‌సీ పన్నెండో తరగతి మార్కులను అంగీకరిస్తాయి. రాష్ట్ర బోర్డుల విద్యార్థుల నుంచి కొన్ని చోట్ల కాస్త ఎక్కువ శాతం అడుగుతాయి. ఉన్న పొలం అమ్మి ఐబీ బడిలో చేర్పించే ముందు ఆయా విశ్వవిద్యాలయాల ప్రవేశ నిబంధనల్లో భారతదేశం పుటను ఒకసారి చదివితే చాలా అపోహలు తొలగుతాయి.

ఖరగ్‌పూర్ పిల్లలకు అసలు అడ్డంకి మరోచోట ఉంది, అది భాష. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అందుకు ప్రధాన కారణం ఈ పట్టణంలోని తెలుగు జనాభాయే. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగు సహా 13 భాషల్లో నిర్వహిస్తున్నారు. కానీ తెలుగు ప్రశ్నపత్రం ఎంచుకునే అవకాశం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని పరీక్షా కేంద్రాలకే పరిమితం. పశ్చిమ బెంగాల్ కేంద్రాల్లో ఆ అవకాశం లేదు. ఐఐటీ గోడకు కూతవేటు దూరంలో పుట్టి, తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి తన భాషలో ఆ పరీక్ష రాయాలంటే రైలెక్కి శ్రీకాకుళమో, విశాఖో వెళ్లాలి. తర్వాతి మెట్టు జేఈఈ అడ్వాన్స్‌డ్ ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది.

ఈ విషయంలో ఐబీ నుంచి నేర్చుకోదగినది ఒకటుంది. అది పరీక్షలు నిర్వహించేది ప్రధానంగా ఇంగ్లిషు, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లోనే. అయినా మాతృభాషా సాహిత్యాన్ని డిప్లొమాలో అంతర్భాగం చేసింది. బడిలో ఆ భాష చెప్పే ఉపాధ్యాయుడు లేకపోయినా, పాఠశాల తోడ్పాటుతో విద్యార్థి సాధారణ స్థాయిలో సొంతంగా చదువుకునే పద్ధతి ఒకటి నెలకొల్పింది. విద్యార్థి ఏ దేశంలో ఉన్నాడన్నది ఆ నియమానికి అడ్డు కాదు. మన జాతీయ పరీక్షా సంస్థ భాషను రాష్ట్ర సరిహద్దుతో ముడిపెట్టింది. దాన్ని విద్యార్థితో ముడిపెట్టడానికి కొత్త పరీక్ష అక్కర్లేదు, కొత్త అనువాదమూ అక్కర్లేదు. తెలుగు ప్రశ్నపత్రం ఎటూ తయారవుతోంది. పరీక్ష కంప్యూటరు మీదే జరుగుతోంది. ఖరగ్‌పూర్ అభ్యర్థి దరఖాస్తులో ఆ భాష పేరు కనిపించేలా చేయడమే మిగిలిన పని.