అయిదు సెకన్లు, 55 మీటర్లు
సాయంత్రం ఏడింటికి హైదరాబాద్ హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ దగ్గర రెడ్ సిగ్నల్ పడగానే కార్లలో ముఖాలన్నీ ఫోన్ వెలుగులో తేలతాయి. గ్రీన్ పడ్డా తలలు లేవవు. వెనక హారన్లు మోగితేనే బండి కదులుతుంది, చూపు మాత్రం ఇంకా వాట్సాప్‌లోనే. లెక్కలొచ్చినవాళ్ల పేట కదా, ఓ లెక్క చూద్దాం: గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అయిదు సెకన్లు మెసేజ్ చదివితే, రోడ్డు చూడకుండా 55 మీటర్లు దూసుకుపోయినట్టే. ఆ 55 మీటర్లలోనే షిఫ్టు దిగి టిఫిన్ డబ్బాతో రోడ్డు దాటే హౌస్‌కీపింగ్ అక్క ఉండొచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చేతిలో ఫోన్‌తో నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గానే చూస్తుంది. మొదటిసారికే జైలుకు పంపే వీలుంది. అయితే చలానా కన్నా ముందు మారాల్సింది ఆఫీసు అలవాటు. ‘డ్రైవింగ్‌లో ఉన్నా, కాల్‌లో జాయినవుతా’ అనే ఉద్యోగిని మెచ్చుకునే మేనేజరు, ‘ఇంటికెళ్లాకే మాట్లాడు’ అనడం నేర్చుకోవాలి.