బూడిదకూ రైలు కిరాయి

ధాన్యం కొనే షావుకారు కళ్లం ధర ఒక్కటే చూసి బేరం ఖాయం చేయడు. తేమ ఎంత, తాలు ఎంత, లారీ కిరాయి ఎంత, మిల్లు చేరేసరికి బస్తా ఎంతకు పడుతుంది అన్నదే అతని లెక్క. కరెంటు కోసం కాల్చే బొగ్గు విషయంలో మాత్రం మన వర్తకులు ఈ లెక్క అడగడం లేదు. ఇకమీదట అడగక తప్పదు.

తెలంగాణలో బొగ్గు గోదావరి లోయది. అందుకే రామగుండం, జైపూర్, చెల్పూరు, పాల్వంచ, మణుగూరు కేంద్రాలు గనుల చేరువలోనే వెలిశాయి. కృష్ణా తీరాన ఉన్న పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు దక్కినది జలవిద్యుత్తు. స్థాపిత సామర్థ్యం నాగార్జునసాగర్‌లో 815, శ్రీశైలం ఎడమగట్టున 900, జూరాల ఎగువ, దిగువ కలిపి 474 మెగావాట్లు. వానను బట్టి ఉత్పత్తి. ఇంధనం ఖర్చు మాత్రం లేదు.

యాదాద్రి కేంద్రంతో ఈ ఏర్పాటు మారింది. నల్లగొండ జిల్లా దామరచర్ల వద్ద 800 మెగావాట్ల యంత్రాలు ఐదింటికి 2015లో శంకుస్థాపన జరిగింది. వాటిలో రెండవ యంత్రాన్ని 2024 డిసెంబరులో ప్రారంభించారు. నీరు కృష్ణది, బొగ్గు సింగరేణిది. ఆ బొగ్గు రైలెక్కి రావలసిందే.

ఒక కరెంటు యూనిట్‌కు సుమారు 650 గ్రాముల బొగ్గు అనుకుందాం. ఒక్క యంత్రం రేయింబవళ్లు నిండుగా నడిస్తే రోజుకు 12 వేల టన్నుల పైచిలుకు, అంటే రమారమి మూడు రేకులు కావాలి. మన బొగ్గులో బూడిద పాలు మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. మూడు రేకుల్లో ఒక రేకు బూడిదకే కిరాయి కడుతున్నామన్నమాట!

మక్తల్ దాటి కృష్ణ అవతలికి వెళితే రాయచూరు థర్మల్ కేంద్రం ఉంది. 1985 నుంచి అది రైలు బొగ్గు మీదనే నడుస్తున్నది. కర్ణాటకకు సొంత గనులు లేవు కనుక వారికి గత్యంతరం లేదు. మనం గనులుండి ఈ దారి ఎంచుకున్నాం. వాడకం ఉన్నచోటికి కేంద్రం దగ్గరైతే లైన్ల నష్టం తగ్గుతుందన్న వాదన తోసిపుచ్చదగినది కాదు. అయితే చౌకగా పడే కరెంటునే ముందు తీసుకోవడం పద్ధతి. ఇంధనం ఖర్చు పెరిగితే ఖరీదైన యంత్రం నిలబడుతుంది. స్థిర ఛార్జీలు మాత్రం నిలబడవు. ఆ భారం చివరకు మిర్యాలగూడ రైస్ మిల్లుల, జడ్చర్ల ఫ్యాక్టరీల బిల్లుల్లోకే చేరుతుంది.

కేంద్రం కట్టిన తర్వాత దాన్ని తరలించలేము. చేయదగినవి మూడున్నాయి. గని వద్ద ధర కాక, దామరచర్ల యార్డులో పడిన ధరను నెలనెలా ప్రకటించాలి. టన్ను కిరాయి రాయికైనా బొగ్గుకైనా ఒకటే కనుక మేలు రకం బొగ్గును దూరపు కేంద్రానికి, నాసిరకాన్ని గని పక్క కేంద్రాలకు కేటాయించాలి. బూడిదను బహిరంగ వేలంలో అమ్మాలి. పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటులో 35 శాతం దాకా బూడిద కలపవచ్చు. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు దగ్గరలోనే ఉన్నాయి. ఇటుకల బట్టీలవారికీ అందులో వాటా దక్కాలి.

తాలుకు కిరాయి కట్టిన షావుకారు దాన్ని ఊరికే పారబోయడు. జెన్‌కో కూడా ఆ పాటి వర్తక ధర్మం పాటిస్తే అందరికీ క్షేమం.