థర్మామీటరు చెప్పనిది

జూన్ వచ్చిందంటే మెల్‌బోర్న్ చైల్డ్‌కేర్ సెంటర్లలో ముక్కులు కారే కాలం మొదలైనట్టే. ఉదయం దింపిన పిల్లను మధ్యాహ్నం కల్లా తీసుకుపొమ్మని ఫోను వస్తుంది. అమ్మో నాన్నో మీటింగు మధ్యలో లేచి పరిగెడతారు. కొత్తగా చేరిన పిల్లలకు ఏడాదిలో పది పన్నెండు సార్లు జలుబో జ్వరమో తగలడం మామూలేనని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. పగటిపూట ఆ మాట ధైర్యంగానే ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి ఏడాదిన్నర పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతుంటే మాత్రం ఆ లెక్క ఎవరికీ గుర్తురాదు.

అప్పటికి విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర. అమ్మమ్మ ఇంకా పడుకోలేదు. ఇక్కడి థర్మామీటరు 39.4 అంటుంది. అది అమ్మమ్మకు అర్థం కావాలంటే ఫారెన్‌హీట్‌లోకి మార్చి చెప్పాలి. "నూట మూడా? అయ్యో, తలకెక్కుతుందే! తడిగుడ్డ వెయ్యి, మందు మళ్ళీ పట్టు" అని అటునుంచి కంగారు. మందు పట్టి రెండు గంటలే అయిందని ఇటునుంచి ఏడుపు. ఎమర్జెన్సీకి వెళ్ళాలో వద్దో తేలక అల్లుడు కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. పసిపిల్లలున్న తెలుగిళ్ళలో ఇలాంటి రాత్రి చూడని ఇల్లు ఇక్కడ అరుదు.

ఈ శీతాకాల సంచికలో చెప్పదలచిన మాట ఆ రాత్రి గురించే. మన ఇళ్ళలో భయమంతా థర్మామీటరు అంకె చుట్టూ తిరుగుతోంది. నిజంగా భయపడాల్సిన మార్పు పిల్లలో కళ్ళెదుట కనిపిస్తున్నప్పుడు, ఆసుపత్రి గదిలో మనకు నోరు పెగలడం లేదు.

అంకెను చూసి హడలిపోవడం తెలుగువాళ్ళ సొత్తేమీ కాదు. 1980లో అమెరికాలోని డెన్వర్‌లో బార్టన్ ష్మిట్ అనే పిల్లల డాక్టరు 81 మంది తల్లిదండ్రులతో మాట్లాడి, జ్వరం గురించి వాళ్ళకున్న అపోహలకు ‘ఫీవర్ ఫోబియా’ అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత బాల్టిమోర్‌లో వేరే పరిశోధకులు 340 మందిని మళ్ళీ అవే సంగతులు అడిగి, 2001లో ఆ వివరాలు ప్రచురించారు. పెద్దగా మారిందేమీ లేదు. నిద్రపోతున్న పిల్లను లేపి మరీ మందు పడతామన్నవాళ్ళు నూటికి 85 మంది. మందు వేయకపోతే జ్వరం 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కో, ఆ పైకో పోతుందని నమ్మినవాళ్ళు నూటికి ఏడుగురు.

అలా పోదు. ఒంటి వేడిని అదుపులో ఉంచే కేంద్రం మెదడులోని హైపోథాలమస్. ఒంట్లో క్రిములు చేరితే అది తన గురిని తానే పైకి జరుపుకుంటుంది. 37 దగ్గర ఉంచాల్సిన వేడిని 39 దగ్గర నిలబెడుతుంది. జ్వరం ఎక్కేటప్పుడు పిల్ల వణికేదీ, దుప్పటిలోకి ముడుచుకునేదీ అందుకే. వేడిని పెంచింది శరీరమే కాబట్టి పగ్గం కూడా దాని చేతిలోనే ఉంటుంది. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరం 41 డిగ్రీలు దాటడం అరుదు, మామూలు జ్వరం వేడికి మెదడు దెబ్బతినదు. ఎండలో నిలిపిన కారులో చిక్కుకున్న పిల్లకు తగిలే వడదెబ్బ వేరు. అక్కడ ఆ పగ్గమే తెగిపోతుంది.

అమ్మమ్మ భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికీ వీల్లేదు. జ్వరంతో మొదలై మెదడుకు పాకిన జబ్బులను ఆ తరం కళ్ళారా చూసింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి ఎందరో పిల్లలను పొట్టనబెట్టుకుంది. బతికిన పిల్లల్లోనూ కొందరికి మాట పడిపోయింది, కొందరికి కాలో చెయ్యో స్వాధీనం తప్పింది. ఆ పిల్లల మెదడును దెబ్బతీసింది వైరస్. పక్కనే కనిపించింది జ్వరం కాబట్టి నింద దాని మీద పడింది. ఐదేళ్ళలోపు పిల్లలకు బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌లో ఒకప్పుడు పెద్ద వాటా హిబ్ అనే క్రిమిది. ఆస్ట్రేలియాలో 1993 నుంచి దానికి టీకా వేస్తున్నారు. న్యూమోకాకస్ టీకా 2005 నుంచి పిల్లలందరికీ అందుతోంది. పన్నెండో నెలలో మెనింగోకాకస్ ఏసీడబ్ల్యూవై టీకా కూడా ఉచితమే. ఈ సూదులన్నీ వేళకు పడిన పిల్లకు ప్రమాదం అమ్మమ్మ కాలంలో ఉన్నంత లేదు. పూర్తిగా పోనూ లేదు.

మరి జ్వరం మందు దేనికి? పిల్లకు కాస్త ఉపశమనం ఇవ్వడానికి. అంకెను 37కు దింపడం లక్ష్యంగా పెట్టుకోవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011లోనే స్పష్టంగా రాసింది. 39 ఉన్నా బొమ్మలతో ఆడుకుంటున్న పిల్లకు మందు పట్టే తొందర లేదు. 38.2 మాత్రమే ఉన్నా ఒళ్ళు నొప్పులతో గునుస్తుంటే పట్టవచ్చు. పారాసిటమాల్ అయితే కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, రోజు మొత్తంలో నాలుగు సార్లకు మించకుండా. చన్నీళ్ళతో ఒళ్ళు తుడిస్తే వణుకు పుట్టి పిల్ల ఇంకా అవస్థ పడుతుంది. ఇంకో సంగతి. మందుకు జ్వరం దిగిందా లేదా అన్నదాన్ని బట్టి జబ్బు చిన్నదో పెద్దదో తేల్చలేం. "డోసు వేయగానే తగ్గింది, ఇక భయం లేదు" అనుకోవడమూ పొరపాటే.

మన ఇళ్ళకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటి సూట్‌కేసులో వస్తుంది. ఆవకాయ జాడీ పక్కన ఇండియా నుంచి తెచ్చుకున్న సిరప్‌లు. అక్కడ కాల్‌పాల్ ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ ఉంది, 250దీ ఉంది. చుక్కల మందయితే ఒక్క మిల్లీలీటరులోనే 100. సీసా మారి, చెంచా మారకపోతే మోతాదు రెట్టింపయిపోతుంది. ఇక్కడి పనడాల్ కూడా పారాసిటమాలే. పేర్లు వేరుగా ఉన్నాయని రెండూ పట్టేవాళ్ళున్నారు. మెఫ్తాల్, నూరోఫెన్ ఒకే కోవ మందులు, కలిపి వాడకూడదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళలోపు పిల్లలకు వాడకుండా భారత ప్రభుత్వమే 2011లో నిషేధించింది. పాత సీసా ఎక్కడైనా మిగిలి ఉంటే పారేయాలి.

జ్వరం ఫిట్స్ చూసినవాళ్ళు ఆ దృశ్యం మరిచిపోలేరు. కళ్ళు పైకి తేలవేసి, ఒళ్ళు కొయ్యబారి, చేతులూ కాళ్ళూ కొట్టుకుంటుంటే ప్రాణం పోతోందనే అనుకుంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఇవి వస్తాయి. చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, మెదడుకు హాని చేయవు. జ్వరం మందు ముందే వేసినా ఇవి రాకుండా ఆపలేమని పరిశోధనలు తేల్చాయి కాబట్టి "డోసు ఆలస్యం చేశాను, నా వల్లే వచ్చింది" అని ఏ తల్లీ కుమిలిపోనక్కర్లేదు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం మానేసి, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, పిల్ల తేరుకోకపోయినా 000కు ఫోన్ చేయాలి.

అంకెకు ఒకే ఒక్కచోట తిరుగులేని విలువ ఉంది. మూడు నెలలు నిండని పసికందుకు 38 వచ్చిందంటే, ఎంత హుషారుగా ఉన్నా అప్పటికప్పుడు డాక్టరుకు చూపించాలి.

ఆ వయసు దాటాక చూడాల్సింది పిల్లను. ఈ చూపులో అమ్మమ్మలు మనకన్నా ఆరితేరినవాళ్ళు. "డొక్కలెగరేస్తోంది" అని వాళ్ళు అనేది, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోవడాన్ని చూసే. ఊపిరితిత్తుల జబ్బుకు ఆసుపత్రిలో వెతికే గుర్తుల్లో అదొకటి. నుదుటి మీద చెయ్యి వేశాక అరికాళ్ళు కూడా పట్టి చూస్తారు. 2006లో లాన్సెట్ పత్రికలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. మెనింగోకాకస్ జబ్బు సోకిన 448 మంది పిల్లల్లో మొదటి గంటల్లో ఏం కనిపించిందో వాళ్ళు ఆరా తీశారు. చల్లబడిన చేతులూ కాళ్ళూ, కాళ్ళ నొప్పులు, రంగు తేడా పడిన చర్మం — వీటిలో ఏదో ఒకటి నూటికి 72 మందిలో కనిపించింది. అదీ సగటున ఎనిమిది గంటల్లోపే. అందరూ ఎదురుచూసే దద్దుర్లు, మెడ బిగుసుకోవడం లాంటివి ఆ తర్వాతెప్పుడో, పదమూడు గంటలు దాటాక వచ్చాయి. జ్వరం ఎక్కేటప్పుడు కాసేపు అరచేతులు చల్లబడటం మామూలే. అవి వెచ్చబడకుండా పిల్ల మగతగా పడి ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఎర్రటి మచ్చల మీద గాజుగ్లాసు నొక్కి, రంగు చెదరకపోతే ఎమర్జెన్సీకి పరుగెత్తాలని ఇక్కడ చాలామందికి తెలుసు. చామనఛాయ ఒంటి మీద ఆ మచ్చలు అంత సులువుగా కనబడవు. అరచేతులు, అరికాళ్ళు, అంగిలి, కనురెప్పల లోపలి భాగం చూడాలి. లేపినా సరిగా లేవకపోవడం, పాలూ నీళ్ళూ ముట్టకపోవడం, గంటల తరబడి డైపరు తడవకపోవడం, ఎత్తుకున్నా ఊరుకోని వింత ఏడుపు: వీటిలో ఏదున్నా, థర్మామీటరు 38 మాత్రమే చూపించినా ఆ అంకె లెక్కలోకి రాదు.

ఇంతవరకూ చూపు సంగతి. చూసింది నోరు తెరిచి చెప్పడం దగ్గర మనవాళ్ళు వెనకబడుతున్నారు. డాక్టరుగారికి మనం చెప్పేదేముందన్న మర్యాద చిన్నప్పటి నుంచి ఒంటబట్టింది. ట్రయాజ్ నర్సు "ఎలా ఉంది?" అంటే "39.4, రెండు రోజులుగా" అని అంకె అప్పజెప్పి కుర్చీలో కూర్చుంటాం. "మా పిల్ల ఎప్పుడూ ఇలా ఉండదు" అన్న అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది.

ఆ మాట విలువేమిటో ఈ దేశం రెండు పసిప్రాణాలు పోయాక తెలుసుకుంది. 2007లో క్వీన్స్‌లాండ్‌లో మూడేళ్ళు నిండని రయాన్ సాండర్స్ స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులు మొత్తుకున్నా సకాలంలో స్పందన రాలేదు. ఆ మరణం తప్పించగలిగినదేనని తర్వాత తేలింది. 2013లో అక్కడ ‘రయాన్స్ రూల్’ వచ్చింది. ముందు నర్సుకో డాక్టరుకో చెప్పాలి, వినకపోతే ఇన్‌చార్జి నర్సుకు చెప్పాలి. అప్పటికీ తృప్తి లేకపోతే కుటుంబమే ఫోన్ చేసి వేరే వైద్యబృందం చేత చూపించమని కోరవచ్చు. 2021 ఏప్రిల్‌లో పెర్త్‌లో, కేరళ నుంచి వచ్చిన కుటుంబంలోని ఏడేళ్ళ ఐశ్వర్య అశ్వత్ పిల్లల ఆసుపత్రి ఎమర్జెన్సీలో దాదాపు రెండు గంటలు వేచి ఉండి, ఆ రాత్రే సెప్సిస్‌తో కన్నుమూసింది. బిడ్డ క్షీణిస్తోందని తల్లిదండ్రులు సిబ్బందికి పలుమార్లు చెప్పారు. ఆ పాప పేరు మీదనే పశ్చిమ ఆస్ట్రేలియాలో ‘ఐశ్వర్యాస్ కేర్ కాల్’ నడుస్తోంది. రోగి దిగజారుతున్నట్టు అనిపిస్తే కుటుంబం నేరుగా సాయం కోరే దారి ఉండాలని ఆసుపత్రులకు పెట్టిన జాతీయ ప్రమాణాల్లోనే ఉంది. అడగడం ఎదురు తిరగడం కాదు, హక్కు.

మెల్‌బోర్న్‌లోని మొనాష్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో ఇదే సంగతిని లెక్కగట్టి చూశారు. ఎమర్జెన్సీకి పిల్లలను తెచ్చినవాళ్ళను "బిడ్డ పరిస్థితి దిగజారుతోందని అనిపిస్తోందా?" అని అడుగుతూ వచ్చారు. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం, అవునన్నవాళ్ళ పిల్లలకు ఐసీయూ అవసరం పడే అవకాశం మిగతావాళ్ళ కన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. ఐసీయూ అవసరాన్ని గుండె వేగం, ఊపిరి వేగం లాంటి కొలతల కన్నా తల్లిదండ్రుల ఆందోళనే గట్టిగా సూచించింది.

ఇండియా వెళ్ళొచ్చినవాళ్ళకు ఒక అదనపు మాట. తిరిగొచ్చిన కొద్ది వారాల్లో పిల్లకు జ్వరం వస్తే, అడిగినా అడగకపోయినా ప్రయాణం సంగతి డాక్టరుకు చెప్పాలి. టైఫాయిడ్, మలేరియా, డెంగీ ఇక్కడి డాక్టర్లకు వెంటనే తట్టే జబ్బులు కావు. ఆరు నెలలు నిండిన బిడ్డకు తట్టు టీకా ముందుగానే వేయించుకుని వెళ్ళే వీలుంది. బయలుదేరే ముందు జీపీని అడగండి.

విజిటర్ వీసా మీద వచ్చి, పగలంతా మనవళ్ళను చూసుకునే తాతయ్యలూ అమ్మమ్మలూ మన సంఘంలో చాలామంది. పిల్ల తేడాగా ఉందని ముందు పసిగట్టేది వాళ్ళే, ఇంగ్లీషులో చెప్పలేక ఆగిపోయేదీ వాళ్ళే. అందుకని ఈ సంచిక మధ్య పేజీని చింపి ఫ్రిజ్ మీద అంటించుకునేలా వేశాం. పైభాగంలో ప్రమాద సూచనలు తెలుగులో ఉన్నాయి. కింద నంబర్లు: అత్యవసరానికి 000, విక్టోరియాలో ఏ వేళైనా నర్సుతో మాట్లాడటానికి 1300 60 60 24, దుబాసీ కావాలంటే 131 450. మూడో నంబరుకు చేసి "తెలుగు" అంటే చాలు. వాటి పక్కనే తెలుగు లిపిలో రెండు ఇంగ్లీషు వాక్యాలు అచ్చువేశాం: "షి ఈజ్ నాట్ హర్‌సెల్ఫ్", "ఐ యామ్ వరీడ్ షి ఈజ్ గెట్టింగ్ వర్స్". ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఒకటి రెండుసార్లు పలికించి చూడండి. పిల్ల బరువు రాసుకోవడానికి అడుగున ఒక గడి ఖాళీగా వదిలాం. పిల్ల పెరిగేకొద్దీ మార్చుకోవాలి కాబట్టి అక్కడ పెన్సిలుతోనే రాయండి.